తెర మీద చక్రం

పికిన్‌లో మా కుట్టుకొట్టు ముందు బెంచీకి
మూడు కాళ్లు, నాలుగోది సిమెంటు ఇటుక.
"మన పార్లమెంటు కన్నా ఇదే నయం, ఊగినా పడిపోదు"
అంటాడు మఖ్తార్ మాస్టారు, కూచున్న ప్రతిసారీ,
మొదటిసారి అంటున్నట్టు.

పొద్దు గుంకాక కుంపటి మీద తేనీరు మరుగుతుంటే
అలసందల రొట్టెలు అమ్ముకుని వచ్చిన కినే
చేతులు పావడాకి తుడుచుకుని
ఫోను నా మిషనుకి ఆనించి పెడుతుంది.
అద్దం అడ్డంగా చీలింది. ఎంత అందగాడు పాడినా
మొహం రెండు ముక్కలే.

ఆమెకి ప్రాణమైంది ఒకటుంది:
పసుపు టాక్సీ పైకెక్కి ఒక పిల్ల,
ఎర్ర గౌను, వెనక సముద్రం.
"ఆ గౌనుకి తొమ్మిది గజాలకి తక్కువ పట్టదు" నేను.
"ఆ టాక్సీలో పెట్రోలు లీటరెంతో తెలుసా?" మాస్టారు.
అయిపోయింది.
పల్లవి రెండోసారి రాకముందే
సబ్సిడీల్లో పీకల్లోతు దిగిపోయేవాళ్లం.
కినే నెత్తి కొట్టుకుని పాట ఆపేసేది.

నా పాటలు మరీ పాతవి. నలుపూ తెలుపూ.
సాక్సఫోను ఊదే ఆరుగురు,
ఏనుగు చెవుల్లా ఊగే ప్యాంట్లు.
ఆ ప్యాంట్లు కుట్టింది నేనే.
"ఏ మంత్రి పుట్టినరోజుకి ఊదారయ్యా అది?"
మాస్టారు గుచ్చేవాడు.
మంత్రి గుర్తులేడు. మూడోవాడి నడుము ముప్పై ఒకటి,
కుడికాలు ఎడమకాలి కన్నా అరంగుళం పొట్టి.
అతనికి తప్ప ఎవరికీ తెలీకుండా అంచు మడిచాను.
"అదేనయ్యా రాజకీయమంటే," అన్నాడు మాస్టారు.
ఏది అని అడిగేలోపు తేనీరు పొంగింది.

మంగళవారం.
యూనివర్సిటీ వైపు నుంచి టైర్లు కాలిన వాసన
నా గుడ్డల తానుల్లోకి దూరింది.
కినే పాట నొక్కింది. చక్రం తిరిగింది.
తిరుగుతూనే ఉంది.
ఫోను పైకెత్తి పట్టుకుంది, స్టూలు ఎక్కింది.
కొమ్మ ఊపితే రాలడానికి నెట్ ఏమన్నా రేగిపండా?
శాంతిభద్రతల కోసం ఆపేశామని రేడియోలో ఒక గొంతు,
ఇస్త్రీ చేసిన గొంతు, ఒక్క మడత లేదు.

మాస్టారు ఏమీ అనలేదు.
అది చూసి భయం వేసింది నాకు.
ఆయన చెల్లెలి కొడుకు మాపతే
పొద్దున్నే పుస్తకాల సంచీతో వెళ్లాడు.
ఫోను మోగుతోందట, ఎత్తడం లేదట.

అప్పుడు కినే, ఏమీ లేని తెర ఎదురుగా పెట్టుకుని,
చెప్పడం మొదలెట్టింది:
"ఇప్పుడు పిల్ల టాక్సీ ఎక్కింది. ఇప్పుడు గాలి.
ఇప్పుడు డ్రైవరు కింది నుంచి తిడుతున్నాడు,
కానీ వాడికి నవ్వాగట్లేదు."
నేను బల్ల మీద వేళ్లతో దరువు వేశాను.
ఎవరూ అడ్డు రాలేదు. పల్లవి రెండోసారి వచ్చింది.
మూడోసారీ వచ్చింది.
ఇన్నేళ్లలో మేం చేరని చివర ఏమిటంటే,
టాక్సీ ఆగిపోతుందట,
పిల్ల దిగి చెప్పులు చేత పట్టుకుంటుందట,
వీధి వీధంతా కలిసి తోస్తారట.
"ఎక్కడి దాకా?" అన్నాడు మాస్టారు.
"తెలీదు. అక్కడితో అయిపోతుంది."

రెండో గ్లాసు చల్లారింది. ఎవరూ ముట్టలేదు.

మాపతే వచ్చేసరికి ఒక కాలికే బూటుంది.
కళ్లు మిరప్పళ్లు. సంచీ లేదు.
బెంచీ మీద కూలబడ్డాడు, ఇటుక జారింది,
అందరం ఒక్క పక్కకి ఒరిగాం.
"ఏం చూస్తున్నారు?" అన్నాడు ఆరిపోయిన ఫోను కేసి.

కినే గొంతు సవరించుకుంది.
"పిల్ల టాక్సీ ఎక్కింది..."

"లీటరెంతో తెలుసా," అన్నాడు మాస్టారు,
మేనల్లుడి మోకాలు గట్టిగా పట్టుకుని,
"అసలు ఆ పెట్రోలు లీటరెంతో తెలుసట్రా నీకు?"
గొంతు వణుకుతోంది, ఆపడం లేదు, ధరలన్నీ చెబుతున్నాడు,
బియ్యం, నూనె, బస్సు టికెట్టు.

నేను చీకట్లో వంగి
ఇటుక కోసం తడుముకుంటున్నాను.